వినాయకుడు చూడని పండు

మొన్న చవితికి రెండు రోజుల ముందు కోడల్నీ మనవరాల్నీ వెంటబెట్టుకుని లిటిల్ ఇండియాకు వెళ్లాను. సింగపూర్‌లో మేముండే యూ టీలో మా బ్లాకు కిందున్న సూపర్‌మార్కెట్‌లో దొరకని వస్తువంటూ భూమ్మీద లేదని మా కోడలి నమ్మకం. హైదరాబాదు నుంచి వచ్చి బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పిల్ల, తప్పు పట్టలేం. పత్రి కూడా కడిగి, తుంచి, ప్యాకెట్లో పెట్టి ఇస్తే బాగుండునని ఏటా అంటుంది. సెరంగూన్ రోడ్డు మీద పూలకొట్టు ముందు గంపలో వెలక్కాయలు కనపడేసరికి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూశాను. ఇక నవ్వు ఆగలేదు. "నానమ్మా, వై యూ లాఫింగ్ ఎట్ ద ఫ్రూట్? పీపుల్ లుకింగ్ లా," అంది మనవరాలు సిగ్గుపడిపోతూ. రైల్లో చెప్పడం మొదలుపెట్టాను. యూ టీ స్టేషన్ వచ్చేసరికి సగం కూడా కాలేదు. ఇంటికి రాగానే ఆ పిల్లకి ట్యూషన్, కోడలికి మీటింగ్. అందుకని మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎవరికి తీరిక దొరికితే వాళ్లు చదువుకోవచ్చు.

నా చిన్నప్పుడు మేము సెలెగీ రోడ్డు ఫ్లాట్లలో నాలుగో అంతస్తులో ఉండేవాళ్లం. అమ్మ, నాన్న, నేను, మా అమ్మమ్మ. అమ్మమ్మ వాళ్ల నాన్న విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చినవాడు. అమ్మమ్మ విశాఖ మొహం చూడనే లేదు గానీ ఆ యాస మాత్రం అక్కడివాళ్లకన్నా గట్టిగా పట్టుకుంది. ప్రేమగా మాట్లాడితే తెలుగు, తిట్టాలంటే తమిళం, బేరాలకి మలయ్. మా పక్కింట్లో ఏజ్రా అంకుల్, మోజెల్ ఆంటీ ఉండేవాళ్లు. వాళ్లు యూదులు. వాళ్ల తాతలు బాగ్దాదు నుంచి వచ్చారట. వాటర్లూ వీధిలో ఉన్న వాళ్ల ప్రార్థనా మందిరానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలని ఆ చుట్టుపక్కలే కాపురాలు పెట్టుకునేవాళ్లు. పండగ రోజున వాళ్లు బండి ఎక్కరు, డబ్బు ముట్టరు, కరెంటు మీట నొక్కరు. అంకుల్ హార్బరులో గుమాస్తా పని చేసి మానేసినవాడు, పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడు. ఆంటీ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవర్నో వెతుకుతున్నట్టు ఉండేది. వెతికేది అంకుల్నే. ఆవిడకీ అమ్మమ్మకీ మధ్య నడిచే భాష మలయ్. ఆంటీ అమ్మమ్మని "కాక్" అని పిలిచేది, అంటే అక్క. ఆ మాటలన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను, లేకపోతే మా కోడలికి అర్థం కాదు.

రెండిళ్ల మధ్య రాకపోకలకి లోటు లేదు, తిండికే చిక్కు. మనం వండింది వాళ్లు తినకూడదు, అదేదో వాళ్ల వంటింటి మడి. వాళ్లు వండింది అమ్మమ్మ తినదు, అది ఈవిడ మడి. ఇద్దరూ ఎదుటివాళ్ల మడిని పూర్తిగా సమర్థించేవాళ్లు. "అది మడంటే," అని అమ్మమ్మ, "అలా ఉండాలి మనిషంటే," అని ఆంటీ. ఆ పట్టుదల చూసి ఒకళ్లంటే ఒకళ్లకి గౌరవం. కానీ వండని పండుకి ఏ మడీ లేదు. చెట్టున పండింది చెట్టున పండినట్టే ఉంటే ఎవరి చేతినుంచి ఎవరైనా తినొచ్చు. కాబట్టి ఆ గోడకి అటూ ఇటూ తిరిగిన తిండి ఏదైనా ఉందంటే అది పండు ఒక్కటే. వాళ్లింట్లోంచి దానిమ్మ వచ్చేది, మా ఇంట్లోంచి జామ వెళ్లేది. అమ్మమ్మ జామపండు పంపితే ఆంటీ దాన్ని కడిగి, తుడిచి, వాసన చూసి, అంకుల్‌కి సగం మాత్రం ఇచ్చేది.

వాళ్ల కొత్త సంవత్సరం మన చవితి రోజుల్లోనే వచ్చేది, కొన్నేళ్లు కాస్త ముందూ, కొన్నేళ్లు నెలరోజులు వెనకా. దానికి నెల ముందునుంచే హడావుడి. అంకుల్ పొట్టేలు కొమ్ము పట్టుకుని వరండాలో ఊదడం సాధన చేసేవాడు. మందిరంలో ఊదేది ఇంకెవరో, ఈయన ఊరికే, ఒకవేళ ఆయనకి జలుబు చేస్తే తను సిద్ధంగా ఉండాలని. ఆ చప్పుడు వినగానే అమ్మమ్మ ఉలిక్కిపడి, శంఖం ఇలా ఏడుస్తుందేమిటని దండం పెట్టేసుకునేది. పండగ సాయంత్రం వాళ్లింట్లోంచి పన్నీరూ, పంచదార పాకంలో ఉడికిన ఆపిల్ పళ్లూ, ఏలకులూ కలిసి ఒక వాసన వచ్చేది, ఇప్పటికీ పెళ్లిళ్లలో పన్నీరు చల్లితే నాకు నోరూరుతుంది. బల్ల మీద ఖర్జూరాలు, దానిమ్మ గింజలు, ఉడికించిన బొబ్బర్లు, సొరకాయ ముక్క, ఏవో ఆకులు. ఒక్కొక్కటీ తింటూ ఒక్కొక్క కోరిక కోరుకుంటారు. శత్రువులు పోవాలి, మంచి పనులు దానిమ్మ గింజలంతగా పెరగాలి, అలాగ. మధ్యలో పళ్లెంలో గొర్రె తలకాయ కూడా ఉంటుంది, మనం తోక కాకుండా తల కావాలని. చవితి వారంలో నీచు ఊసెత్తని అమ్మమ్మ, ఆ తలకాయ వచ్చే రోజున మాత్రం పక్కింటి వైపున్న కిటికీకి చీర కట్టేసేది. నేను ఆ చీర పక్కనుంచి తొంగి చూసేదాన్ని. తలకాయ కూడా నన్నే చూసేది.

అమ్మమ్మకి అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది మరొకటి. పండగ జరిగే రెండు రోజులూ వాళ్లు పులుపూ చేదూ ముట్టరు. నిమ్మకాయ లేదు, చింతపండు లేదు, వెనిగర్ లేదు. కొత్త ఏడాది నోట్లోకి తీపితోనే రావాలి, పుల్లగా మొదలైతే ఏడాదంతా పులిసిపోతుందని ఆంటీ భయం. ఉగాదికి వేపపువ్వు లేకపోతే ఏడాదే మొదలవ్వదనుకునే అమ్మమ్మకి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. "సేదు లేకుండా ఏడాది ఏటి? దేవుడి కళ్లు కప్పడానికా?" అనేది మాతో. ఆంటీతో మాత్రం అనలేదు. పైగా ఆ రెండు రోజులూ మా ఇంట్లో కూడా చారు చేసేది కాదు, ఆ చింతపండు వాసన గోడ దాటితే వాళ్ల ఏడాదికి ఏమవుతుందోనని.

ఇక అసలు సంగతి. పండగ రెండో రాత్రి వాళ్లకి ఒక కొత్త పండు కావాలి. కొత్త పండంటే ఆ కాలంలో అప్పటిదాకా నోట పెట్టని పండు. దాన్ని ఎదురుగా పెట్టుకుని, ఇన్నాళ్లూ మమ్మల్ని బతికించి, నిలబెట్టి, ఈ వేళకు చేర్చినందుకు నీకు దండమయ్యా అని దేవుడికి చెప్పి, అప్పుడు తింటారు. మలయ్‌లో "బువా బారు" అనేది ఆంటీ. చల్లటి దేశాల్లో ఇది సులువేమో, పళ్లకో కాలం ఉంటుంది. సింగపూర్‌లో ఏడాది పొడుగునా ఏదో ఒక పండు వీధికొస్తూనే ఉంటుంది, అది వచ్చిన వీధిలోకి ఏజ్రా అంకుల్ కూడా వస్తూనే ఉంటాడు. రంబుటాన్, మంగుస్తీన్, సపోటా, పనస, దురియన్, ఆయన పలకరించని పండు లేదు. అందుకని ఆంటీ నెల ముందే ఒక పండుని ఎంచుకుని, దాన్ని అంకుల్‌కి నిషేధించి, ఇక కాపలా మొదలుపెట్టేది. అంకుల్ కిందికి దిగితే నేను వెనకాల వెళ్లాలి. ఎక్కడ ఆగాడో, ఏం కొన్నాడో, నోరు కదిలిందో లేదో వచ్చి చెప్పాలి. అంకుల్‌కి ఈ సంగతి తెలుసు. మలుపు తిరగ్గానే నాకో ఐస్ బాల్ కొనిచ్చేవాడు, సిరప్పు పోసి గుండ్రంగా అదిమిన మంచుముద్ద. దాన్ని చప్పరించడం మొదలుపెడితే రెండు చేతులూ జిగురు, ప్రపంచం కనపడదు. నేను నిజాయితీగానే ఏమీ చూడలేదని చెప్పేదాన్ని.

నేను చెప్పబోయే ఏడాది మాత్రం నవ్వులాట కాదు. పండగకి కొద్ది వారాల ముందు అంకుల్‌కి గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. ఆంటీ రోజూ పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేది. ఒక సాయంత్రం మా గుమ్మంలో చతికిలపడి, "కాక్, కొత్త పండు చేతిలో పెట్టుకుని ఈయన ఆ మాటలు చెప్తే చాలు. అప్పుడు నాకు నమ్మకం కుదురుతుంది, ఇంకో ఏడాది నాకు మిగిలాడని," అంది. అమ్మమ్మ పక్కన కూర్చుని ఆవిడ వీపు రాసింది. నాకు భయం వేసింది. పెద్దవాళ్లు ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత అంకుల్ ఇంటికొచ్చాడు, కాస్త సన్నబడి, కొమ్ము ఊదొద్దని డాక్టరు చెప్పినందుకు అలిగి. ఆంటీ ఆ ఏడాదికి దుకు పళ్లు ఎంచుకుంది, గుత్తులుగా వచ్చే చిన్న గోధుమరంగు పళ్లు. గుత్తి కొనితెచ్చి బియ్యం డబ్బాలో దాచింది. పండగ మొదటి రాత్రి బాగానే గడిచింది.

మరునాడు మధ్యాహ్నం వాళ్లకొక ఆచారం ఉంది. పారే నీళ్ల దగ్గరికి వెళ్లి, ప్రార్థన చదివి, జేబులు తిరగదీసి దులుపుతారు. పోయిన ఏడాది పాపాలన్నీ ఆ నీళ్లలో పోతాయట. మాకు దగ్గర్లో పారే నీళ్లంటే రోచోర్ కాలువే. ఆ రోజుల్లో దాని వాసనకి పాపాలు కూడా దూకడానికి వెనకాడేవి. అంకుల్‌కి నడక కొత్త కాబట్టి తోడుగా నేనూ, అమ్మమ్మా వెళ్లాం. అంకుల్ కళ్లు మూసుకుని, ఎంతో శ్రద్ధగా ప్రార్థన చదివి, కోటు జేబులు రెండూ బయటికి లాగి దులిపాడు. పాపాలు ఎవరికీ కనపడలేదు గానీ దుకు తొక్కలు మాత్రం బొలబొల రాలాయి. కొన్ని కాలవలో పడ్డాయి, కొన్ని ఆంటీ చెప్పుల మీద పడ్డాయి. అంకుల్ ఇంకా కళ్లు తెరవలేదు. తెరిస్తే ఏమవుతుందో తెలిసినట్టుంది.

"బియ్యం డబ్బాలోవేనా?" అంది ఆంటీ.

"ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ నోరు చప్పగా ఉంది మోజెల్," అన్నాడు అంకుల్ కళ్లు మూసుకునే. "కొత్త చొక్కా వేసుకున్నా ఆ మాటలు చెప్పొచ్చు కదా. పెట్టెలో ఉంది."

"చొక్కా తింటావా?" అంది ఆంటీ. చెప్పుల మీది తొక్కలు దులుపుకుని ఇంటిదారి పట్టింది.

మా బ్లాకు కింద లిఫ్టు దగ్గర ఇంకో తంటా. గుండె జబ్బు మనిషి నాలుగంతస్తులు ఎక్కకూడదు, పండగపూట మీట నొక్కకూడదు, ఎవర్నీ నొక్కమని అడగనూ కూడదు. కానీ ఎవరైనా తమ పని మీద వెళ్తుంటే ఆ లిఫ్టులో నిలబడితే తప్పు లేదట. అమ్మమ్మ ఆ పొద్దుటినుంచే, నాలుగో అంతస్తులో తనకేదో పెద్ద పనున్నట్టు ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఇప్పుడు కూడా "అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను," అని గట్టిగా మలయ్‌లో అని మీట నొక్కింది. పొయ్యి మీద పాలు లేవు.

పైకొచ్చాక ఆంటీ మా గుమ్మంలో నిలబడింది. పండగపూట బజారు పని పురమాయించకూడదు కాబట్టి నోరు తెరిచి అడగలేదు. గోడకేసి చూస్తూ, "ఇవాళ సాయంత్రం మా ఇంట్లో బువా బారు లేదు," అని గోడకే చెప్పి నిట్టూర్చింది. సూచనలు అందుకోవడంలో అమ్మమ్మ ఆరితేరిన మనిషి. మెరుపులా లోపలికి వెళ్లి, చవితి కోసం తెచ్చిపెట్టిన వెలక్కాయల్లో అన్నిటికన్నా పెద్దది తీసుకొచ్చింది. నిజంగా గొప్ప ఆలోచన అది. సింగపూర్‌లో ఏజ్రా అంకుల్ ఎరగని పండు ఏదైనా ఉందంటే అది వెలక్కాయే. అది పళ్ల కొట్లలో అమ్మరు, పూల కొట్లలో అమ్ముతారు. అంకుల్ ఎప్పుడూ పూలకొట్టు వైపు వెళ్లలేదు, పూలు తినరు కాబట్టి.

అమ్మమ్మ రెండు చేతులా అందించిన ఆ కాయ మీద కుంకుమ బొట్టు ఎర్రగా మెరుస్తోంది. చవితి రోజుల్లో మా ఇంట్లో ఏ పండు గడప దాటి వచ్చినా ముందు దేవుడి అలమరాలో పెట్టి, బొట్టు పెట్టి, దండం పెట్టాకే మిగతా సంగతి. పైగా ఇది ఇత్తడి వినాయకుడి ఒళ్లో కూర్చుని వచ్చిన కాయ. అంతకన్నా మంచి పండు అమ్మమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఆంటీ చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

"తా బోలే, కాక్," అంది. కుదరదని. "మీ దేవుడికి పెట్టింది మేము తినకూడదు."

అమ్మమ్మ మొహం మాడిపోయింది. "మా దేవుడు చూస్తే పండు పుచ్చిపోతుందా?"

"పుచ్చిపోదు," అంది ఆంటీ, ఏడుపు మొహంతో. "మీ దేవుడిది అయిపోతుంది. ఆయనది నేనెలా తీసుకుంటాను?"

అమ్మమ్మకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. దేవుడి సొమ్ము తినకూడదన్న మాట ఆవిడకి చాలా సబబుగా తోచినట్టుంది. వెలక్కాయని చీర కొంగుతో తుడిచి, తిరిగి వినాయకుడి ఒళ్లో పెట్టి, నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి చెవిలో చెప్పింది. "పూలకొట్టుకి పరుగెత్తు. దేవుడు సూడని కాయ తే. గంపలో పైనున్నది వద్దు, కొట్లో పటాలుంటాయి, సూసేసుంటాయి. గోనెసంచి అడుగునుంచి తీయమను. వచ్చేటప్పుడు అమ్మవారి గుడి ముందునుంచి రాకు, వెనక సందులోంచి రా. గౌను కింద దాచుకో." చవితికి ముందు, వినాయకుడు రుచి చూడకముందు, కొత్త వెలక్కాయని ఇంకొకరికి ఇవ్వడమన్నది పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చేసిన పని కాదు. నీలాపనిందలకి వణికిపోయే మనిషి. అయినా "ఎల్లు," అంది.

పూలకొట్టు తాత తమిళుడు. నేను చెప్పింది విని, కట్టే మాల పక్కన పెట్టి, "సామి పాక్కాద పళమా?" అని రెండుసార్లు అడిగాడు, స్వామి చూడని పండా అని. తన కొట్లో అలాంటి సరుకు ఉంచడానికి ఆయనకి కొంచెం అవమానంగానే ఉంది. చివరికి ఓడ దిగి ఇంకా మూతి విప్పని సంచి ఒకటి ఉందని తీసి, కళ్లు మూసుకుని లోపల చెయ్యి పెట్టి ఒక కాయ లాగి నా చేతిలో పెట్టాడు. తను కూడా చూడకపోతే మంచిదనుకున్నాడేమో. గౌను కింద కాయతో, వెనక సందులోంచి, బట్టల దండేల కింద వంగి వంగి వచ్చాను. ఆ సందులో కూడా ఒక ఇంటి గుమ్మం మీద చిన్న లక్ష్మీదేవి ఉంది. ఆవిడకి వీపు పెట్టి పక్కకి నడిచాను.

ఇంటికి వస్తే అమ్మమ్మ స్టూలెక్కి దేవుడి అలమరాకి నాన్న గళ్ల తువ్వాలు కప్పుతోంది. "నాయనా, ఇరవయ్యొక్క పత్రీ పెడతాను, ఉండ్రాళ్లు పెడతాను. ఈ ఒక్క పూటకీ కళ్లు మూసుకో. పక్కింటాయనకి బాగోలేదు," అని సముదాయిస్తోంది. వినాయకుడికి కప్పితే చాలు కదా, మిగతా పటాలకెందుకని మా అమ్మ అడిగింది. "ఒకరు సూస్తే ఇంకొకరికి సెప్పేస్తారు," అంది అమ్మమ్మ. కాయ మాత్రం గడప లోపలికి రావడానికి వీల్లేదంది. చెప్పుల స్టాండు మీద పెడితే అపచారం. అందుకని చీకటి పడేదాకా నేనే ఆ కాయని రెండు చేతులా పట్టుకుని వరండాలో నిలబడ్డాను. దోమలు కుడుతున్నా గోక్కోడానికి చెయ్యి లేదు. ఆ వరండాలో పోయేవాళ్లంతా నన్ను ఏ తప్పుకి నిలబెట్టారని అడిగి మరీ వెళ్లారు.

దీపాలు వెలిగాక అమ్మమ్మ పచ్చడిబండ పట్టుకుని బయటికొచ్చింది. అంకుల్, ఆంటీ తమ గుమ్మంలో నిలబడ్డారు. "ఇది పండా? ఫిరంగి గుండా?" అన్నాడు అంకుల్. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన మొహంలో అంత ఆసక్తి చూడడం అదే మొదలు. అమ్మమ్మ కాయని గచ్చు మీద పెట్టి ఒక్క దెబ్బ వేసింది. కాయ పగల్లేదు. ఎగిరి గోడకి తగిలి, దొర్లుకుంటూ, తెరిచి ఉన్న మా గడప దాటి, ముందు గదంతా దాటి, తిన్నగా వెళ్లి దేవుడి అలమరా కింద ఆగింది.

ఆంటీ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "తువ్వాలు కప్పే ఉంది," అంది అమ్మమ్మ మెల్లిగా. "చూడలేదు." అంకుల్ గొంతు సవరించుకుని, "దానంతటదే వెళ్లింది. ఎవరూ పెట్టలేదు కదా," అన్నాడు, ఆకలి తెచ్చిన తెలివితో. ఇక అందరం ఆంటీ వైపు చూశాం. ఆవిడ తువ్వాలు వైపూ, అంకుల్ వైపూ, మళ్లీ తువ్వాలు వైపూ చూసి, "పెడితేనే పెట్టినట్టు," అని తీర్పు చెప్పింది. నేను పాకుతూ వెళ్లి, తలెత్తకుండా కాయ తీసుకొచ్చాను. రెండో దెబ్బకి పగిలింది. లోపల గుజ్జు లేత గోధుమరంగులో ఉంది. పండితే అది నల్లబెల్లంలా ఉండాలి. అమ్మమ్మ కళ్లు ఒక్కసారి నా కళ్లని కలుసుకున్నాయి. సంచి అడుగునుంచి, కళ్లు మూసుకుని తీసిన కాయ మరి, పండిందో లేదో ఎవరు చూశారు?

ఇప్పుడు మా కింద సూపర్‌మార్కెట్‌లో పళ్లకి స్టిక్కర్లుంటాయి, తియ్యగా ఉంటుందని హామీతో సహా. కొరియా స్ట్రాబెర్రీలు, ఈజిప్టు నారింజలు, పన్నెండు నెలలూ అవే. మనవరాలు ఫోన్లో వేలు ఆడిస్తే సాయంత్రానికి గుమ్మంలో ఉంటాయి. హాయిగానే ఉంది, కాదనను. మోకాళ్ల నొప్పులున్న దాన్ని, నేనెందుకు వంకలు పెడతాను. కానీ ఈ ఏడాది ఇంకా తినని పండు ఏదని నన్ను నేను అడిగి చూసుకుంటే ఒక్కటీ తోచలేదు. ఒక మనిషి ఇంకో ఏడాది మనకి మిగిలాడని పండు పెట్టి సంబరపడిన ఇల్లు కూడా ఈ మధ్య చూడలేదు. మా బ్లాకులో పక్కింటివాళ్లు మంచివాళ్లే, లిఫ్టులో నవ్వుతారు. వాళ్లు ఏం తింటారో, ఏం తినరో నాకు తెలియదు. ఏజ్రా అంకుల్ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. డాక్టరు మందుల వల్లన్నాడు. అమ్మమ్మ డాక్టరుతో వాదించలేదు, ఊరికే నవ్వింది.

ఆ సాయంత్రం వాళ్ల తలుపు తెరిచే ఉంచారు. నేనూ, అమ్మమ్మా గుమ్మంలో నిలబడ్డాం. అంకుల్ తల మీద చిన్న టోపీ పెట్టుకుని, ద్రాక్షరసం గ్లాసు పట్టుకుని ఏదో చదివాడు. తర్వాత పళ్లెంలో ఉన్న వెలగ గుజ్జు వైపు చూసి ఆ మాటలు మొదలుపెట్టాడు. బతికించి, నిలబెట్టి, అనే చోట ఆగి, సరిగ్గానే ఉన్న టోపీని మళ్లీ సర్దుకున్నాడు. ఆంటీ ఆయన మోచెయ్యి పట్టుకుంది. కాసేపటికి మిగతా మాటలు కూడా వచ్చాయి. పైన పంచదార చల్లి ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

పచ్చి వెలగ పులుపు ఎలా ఉంటుందో తిన్నవాళ్లకి తెలుసు. అంకుల్ చెవులు కదలడం నా కళ్లతో చూశాను. ఒక కన్ను మూసుకుపోయింది. ఆంటీ బల్ల అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆయన్నే చూస్తోంది.

"మానిస్," అన్నాడు అంకుల్. మలయ్‌లో తీపి అని. "చాలా మానిస్."

ఆంటీ నమ్మలేదు. తనూ ఒక చెంచా తీసుకుని ఆ నాలుగు మాటలూ గబగబా చెప్పుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. కంటి చివర నీళ్లొచ్చాయి, పులుపుకో ఇంకెందుకో తెలియదు. చాలాసేపటికి తెరిచి, "మానిస్," అంది. నాకు కొంచెం పెట్టింది. నా పళ్లు జివ్వుమన్నాయి. నేనూ "మానిస్" అన్నాను. అప్పుడు ఆంటీ చెంచా అమ్మమ్మ ముందు చాచింది. అమ్మమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. చవితి ఇంకా రాలేదు, వినాయకుడు ఇంకా తినలేదు. ఆవిడ మా గుమ్మం వైపు చూసింది. అంకుల్ వైపు చూసింది. లెంపలు వేసుకుని నోరు తెరిచింది.

"మానిస్," అంది అమ్మమ్మ, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా.

ఆంటీ ముక్కు తుడుచుకుంది. నెల రోజులుగా ఆ మనిషి నోటికీ పండుకీ మధ్య గోడలా నిలబడిన ఆవిడ, మిగిలిన గుజ్జంతా చిప్పలోంచి గీకి, ఆయన పళ్లెంలో కుప్పగా పోసి, "మకాన్," అంది. "తిను. అంతా తినెయ్యి."

ఏజ్రా అంకుల్ పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.